అమ్మాయి చెప్పిన బరువు

పోయిన జూన్‌లో మా అమ్మాయి ఇంటర్‌లో చేరినప్పుడు కాలేజీవాళ్ళు ఒక ఆరోగ్య పత్రం ఇచ్చారు. పేరు, బ్లడ్ గ్రూపు, ఎత్తు, బరువు, ఏమైనా మందులు వాడుతున్నారా అని ఒక పేజీ. నేను దోసెలు పోస్తుంటే అది భోజనాల బల్ల దగ్గర కూర్చుని చకచకా నింపేసి, సంతకం కోసం తెచ్చింది. బరువు దగ్గర 50 అని రాసి ఉంది. ఎత్తు దగ్గర 162.

అంతకు పదిరోజుల ముందే జ్వరం వస్తే డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళాను. అక్కడ మిషను మీద 54 చూపించింది. గోడకున్న టేపు మీద ఎత్తు 158.

"ఇదేంటే, 54 కదా?" అన్నాను.

"చెప్పులతో చూశారమ్మా. జేబులో ఫోన్ కూడా ఉంది."

చెప్పులూ ఫోనూ కలిపి నాలుగు కిలోలు! నవ్వొచ్చింది. నవ్వుతూనే సంతకం పెట్టేశాను. పెట్టాక మాత్రం మనసులో ఏదో గుచ్చుకుంది. పరీక్షలో మార్కు తగ్గితే ఇంటికొచ్చి ఉన్నది ఉన్నట్టు చెప్పే పిల్ల ఇది. మరి ఈ నాలుగు కిలోల దగ్గర ఎందుకు తడబడింది? చూస్తూ చూస్తూ నేనెందుకు సంతకం పెట్టాను?

నేను చదివింది తెలుగు సాహిత్యం, వైద్యం కాదు. అయినా ఈ నాలుగు కిలోలు పట్టుకుని దొరికిందల్లా చదువుతూ పోతే, ఇది మా ఇంటి సంగతి ఒక్కటే కాదనీ, దీనికి నూటయాభై ఏళ్ళ చరిత్ర ఉందనీ తెలిసింది. ఆ కథే ఇవాళ చెబుతాను.

ముందు లెక్కల సంగతి. అమెరికాలో హైస్కూలు పిల్లల అలవాట్ల మీద 1991 నుంచి రెండేళ్ళకోసారి ఒక పెద్ద సర్వే జరుగుతోంది. సిగరెట్ తాగుతారా, సీటు బెల్టు పెట్టుకుంటారా వంటి ప్రశ్నలతోపాటు 1999 నుంచి మీ ఎత్తెంత, బరువెంత అని కూడా అడుగుతున్నారు. పిల్లలు కాగితం మీద రాస్తారు, ఎవరూ తూచరు. దేశమంతటా తిరిగి లక్షల మందిని తూచడం ఖర్చుతో కూడిన పని కదా. అయితే ఈ రాసినదాన్ని ఎంతవరకు నమ్మాలి అనే ప్రశ్న వాళ్ళకే వచ్చింది. కొంతమంది పిల్లల చేత ముందు రాయించి, తరువాత నిజంగా కొలిచి చూశారు. 2003లో వచ్చిన ఆ ఫలితం ప్రకారం పిల్లలు సగటున తమ ఎత్తును 2.7 అంగుళాలు పెంచి, బరువును 3.5 పౌండ్లు, అంటే సుమారు కిలోన్నర, తగ్గించి చెప్పారు. ఇలాంటి పరిశోధనలు ఇంకా చాలా జరిగాయి. వాటన్నిటినీ 2007లో ఒకచోట చేర్చి చూసినవాళ్ళకు కనిపించింది ఏమిటంటే, మగపిల్లలకన్నా ఆడపిల్లలు బరువును ఎక్కువగా తగ్గించి చెబుతారు. లావుగా ఉన్నవాళ్ళు ఇంకాస్త ఎక్కువ తగ్గిస్తారు.

కిలోన్నర ఒక లెక్కా అనిపించవచ్చు. కానీ డాక్టర్లు చూసే బీఎంఐ అనే లెక్క ఒకటుంది. బెల్జియం గణితవేత్త కెట్లే 1830లలో గమనించిన సూత్రానికి 1972లో అన్సెల్ కీస్ అనే శాస్త్రవేత్త పెట్టిన పేరది. బరువును ఎత్తుతో రెండుసార్లు భాగించాలి. ఇటు బరువు కాస్త తగ్గి, అటు ఎత్తు కాస్త పెరిగితే రెండు తప్పులూ కలిసి ఒకే వైపు లాగుతాయి. మా అమ్మాయి సంగతే చూడండి. నిజం కొలతలతో దాని లెక్క 21.6 వస్తుంది. పత్రంలో రాసినదాంతో 19. రెండూ ఆరోగ్యకరమైన హద్దులోనే ఉన్నాయి. అది నాలుగు కిలోలు దాచాల్సిన అవసరమే లేదు. నన్ను ఎక్కువ బాధపెట్టింది ఆ మాటే.

ఇంతమాత్రాన ఆడపిల్లలు అబద్ధాలకోరులు అనుకుంటే పొరపాటు. 2000లో అమెరికాలోనే వేలమంది టీనేజి పిల్లల మీద జరిగిన ఇంకో పరిశీలనలో, పిల్లలు సొంతంగా చెప్పిన ఎత్తూ బరువూ పట్టుకుని చూసినా నూటికి 96 మంది విషయంలో స్థూలకాయం ఉందా లేదా అన్నది సరిగ్గానే తేలింది. అదే పరిశీలనలో తల్లిదండ్రులను మీ పిల్లకు స్థూలకాయం ఉందా అని అడిగితే, వాళ్ళ జవాబు పిల్లల లెక్కంత నమ్మకంగా లేదు. నా పిల్ల సంగతి నాకన్నా ఎవరికి తెలుసు అనుకునే తల్లులం ఈ ముక్క గుర్తుపెట్టుకోవాలి.

పైగా తేడా రావడానికి కారణం సిగ్గు ఒక్కటే కాదు. ఎదిగే వయసులో ఆర్నెల్ల కింద చూసుకున్న అంకె ఇవాళ్టికి పనికిరాదు. 47, 53 లాంటివి చెప్పబుద్ధికాక అందరం 45, 50, 55 అని సర్దేస్తాం. కానీ అజాగ్రత్త వల్ల జరిగిన తప్పయితే కొందరు ఎక్కువా కొందరు తక్కువా చెప్పాలి. కొట్టువాడి కాంటా ఒక్కోసారి ఇటూ ఒక్కోసారి అటూ మొగ్గితే అది కాంటా లోపం. ఎప్పుడూ ఒకే వైపు మొగ్గుతుంటే ఎవరో వేలు పెట్టినట్టు. మరి ఆడపిల్లల తూకంలో ఆ వేలు ఎవరిది? అది ఎప్పుడూ ఇటే మొగ్గిందా?

లేదట. దీనికి జవాబు అమెరికాలోని ఒక ఆడపిల్లల కాలేజీ ఉత్తరాల్లో దొరికింది.

1873లో బోస్టన్ డాక్టరు ఎడ్వర్డ్ క్లార్క్ ఒక పుస్తకం రాశాడు. ఆడపిల్లలు మగవాళ్ళతో సమానంగా పెద్దచదువులు చదివితే రక్తమంతా మెదడుకు పోయి, ఒళ్ళు శుష్కించి, పిల్లల్ని కనే శక్తి పోతుందని అందులో వాదించాడు. ఆ పుస్తకం బాగా అమ్ముడుపోయింది. సరిగ్గా రెండేళ్ళకు, 1875లో, మసాచుసెట్స్ రాష్ట్రంలో స్మిత్ కాలేజీ 14 మంది అమ్మాయిలతో తలుపులు తెరిచింది. ఆ అమ్మాయిల తల్లిదండ్రుల బెంగ ఊహించుకోండి. పిల్ల చిక్కిపోతే డాక్టరు చెప్పిందే నిజమైనట్టు. చదువు మాన్పించి ఇంటికి తీసుకురావాల్సిందే.

మార్గరెట్ లో అనే చరిత్రకారిణి ఆ కాలేజీ అమ్మాయిలు ఇంటికి రాసిన ఉత్తరాలు చదివింది. 1880, 90లలో వాళ్ళు తమ బరువు గురించి తరచూ రాసేవాళ్ళు. ఎలా అనుకున్నారు? ఇన్ని పౌండ్లు పెరిగానోచ్ అని గొప్పగా! హాస్టల్లో ఏమేం తింటున్నదీ, రాత్రిపూట గదుల్లో చేసుకునే విందుల సంగతీ రాసి, చూశారా నేనెంత పుష్టిగా ఉన్నానో అని చూపించుకునేవాళ్ళు. 150 పౌండ్లు, అంటే 68 కిలోలు, తూగాలన్నదే తన కోరిక అని 1892లో ఒక అమ్మాయి ఇంటికి రాసింది. బరువు పెరగడం అప్పుడు వాళ్ళకు చదువుకునే హక్కుకు పూచీకత్తు.

అదే కాలేజీలో 1924కి వచ్చేసరికి కథ తిరగబడింది. తోటి అమ్మాయిలు తిండి మానేసి కడుపు మాడ్చుకోవడం మితిమీరిపోతోందని విద్యార్థినులే కాలేజీ పత్రికకు లేఖ రాసి హెచ్చరించాల్సి వచ్చింది. మధ్యలో గడిచింది 32 ఏళ్ళు. తల్లి పెరిగానని మురిసిన కాలేజీలో కూతురు తగ్గలేదని ఏడ్చిందన్నమాట.

ఆ 32 ఏళ్ళలో ఏం జరిగింది? చాలా జరిగాయి. మొదటిది తూకపు యంత్రం. మనిషి తనను తాను తూచుకోవడం అంతకుముందు పండితుల ప్రయోగం. ఇటలీలో శాంటోరియో అనే వైద్యుడు త్రాసుకు వేలాడదీసిన కుర్చీలో కూర్చుని భోజనం చేస్తూ, ఏళ్ళ తరబడి తన బరువు రాసుకుని 1614లో పుస్తకం వేశాడు. మామూలు మనుషులకు ఆ అవసరమే లేదు. 1880లలో పైసా వేస్తే బరువు చూపించే యంత్రాలు అమెరికాలో దుకాణాల ముందుకూ రైల్వే స్టేషన్లలోకీ వచ్చాయి. తరువాత చిన్న మిషన్లు ఇళ్ళలోకి, స్నానాల గదుల్లోకి చేరాయి. నలుగురిలో వినోదంగా చూసుకున్న అంకె తలుపేసుకుని ఒంటరిగా చూసుకునే రహస్యమైంది.

రెండోది పుస్తకం. 1918లో లూలూ హంట్ పీటర్స్ అనే డాక్టరమ్మ క్యాలరీలు లెక్కపెట్టి తినడం గురించి రాసిన పుస్తకం లక్షల ప్రతులు అమ్ముడుపోయింది. క్యాలరీ అనే మాట ప్రయోగశాలలోంచి వంటింట్లోకి వచ్చింది ఆవిడ చేతుల మీదుగానే. వింత ఏమిటంటే, అదే 1918లో అమెరికా ప్రభుత్వం ఊరూరా చిన్నపిల్లల్ని తూయించింది, ఎవరు బక్కగా ఉన్నారో తెలుసుకుని పాలు పట్టించడానికి. ఒకే ఏడాది, ఒకే యంత్రం. చంటిపిల్లకు ఎక్కువ చూపిస్తే సంతోషం, ఎదిగిన పిల్లకు తక్కువ చూపిస్తే సంతోషం.

మూడోది జీవిత బీమా. ఎవరు ఎన్నాళ్ళు బతుకుతారో తేలితేనే వాళ్ళ వ్యాపారం సాగుతుంది. అందుకని ఎత్తుకు తగ్గ బరువు ఇంత అని పట్టికలు తయారుచేశారు. మెట్రోపాలిటన్ అనే కంపెనీ 1942లో ఆడవాళ్ళ కోసం విడిగా వేసిన పట్టిక డాక్టర్ల గోడల మీదా పత్రికల్లోనూ వేదవాక్కులా నిలిచింది. ఆ పట్టిక ప్రకారం పాతికేళ్ళకు ఎంత ఉండాలో యాభైకీ అంతే ఉండాలి. ఇంకో సంగతి చెబితే నవ్వుతారు. వాళ్ళ 1959 పట్టికలో ఆడవాళ్ళ కొలతలు బట్టలతో, రెండంగుళాల మడమల చెప్పులతో కలిపి లెక్కించినవి. మా అమ్మాయి చెప్పులతో చూశారు అంటే నవ్వాను గానీ, ఆ కొలబద్దకే చెప్పులున్నాయి!

అమెరికా అమ్మాయిల డైరీలు చదివిన జోన్ జాకబ్స్ బ్రంబర్గ్ అనే మరో చరిత్రకారిణి 1997లో ఒక పుస్తకం రాసింది. పందొమ్మిదో శతాబ్దపు అమ్మాయి కొత్త సంవత్సరంలో తక్కువ మాట్లాడాలని, ఇతరులకు సాయపడాలని, గుణం బాగుచేసుకోవాలని రాసుకుంటే, నూరేళ్ళ తరువాతి అమ్మాయి బరువు తగ్గాలని, జుట్టు మార్చుకోవాలని రాసుకుందట. మంచిపిల్ల అంటే ఏమిటో కొలిచే త్రాసు మనసు నుంచి ఒంటికి మారింది. అలా మారాక, బరువు అడిగితే మంచిదానివా అని అడిగినట్టే వినిపిస్తుంది. ఎవరైనా నాలుగు కిలోలు తగ్గించి చెప్పరూ?

అమెరికాకు ముప్ఫై ఏళ్ళు పట్టిన మార్పు ఫిజీకి మూడేళ్ళే పట్టింది. అక్కడ నిండుగా ఉండడమే అందం, చిక్కిపోతే ఇంటివాళ్ళు సరిగ్గా చూడడం లేదని అర్థం. అచ్చం మన పల్లెల్లోలాగే. 1995లో అక్కడి నద్రోగా ప్రాంతానికి టీవీ వచ్చింది. ఆన్ బెకర్ అనే పరిశోధకురాలు వచ్చిన కొత్తలోనూ, 1998లోనూ టీనేజి అమ్మాయిలను కలిసింది. బరువు తగ్గడానికి తిన్నది కక్కుకునేవాళ్ళు మొదట ఒక్కరూ లేరు. మూడేళ్ళ తరువాత నూటికి 11 మంది.

ఇది చదివినప్పుడు నాకు మా నాయనమ్మ గుర్తొచ్చింది. నాకు ఎనిమిదేళ్ళప్పుడు ఎన్నిరోజులకూ వదలని జ్వరం వచ్చింది. సమ్మక్క తల్లికి నా ఎత్తు బంగారం ఇస్తానని మొక్కుకుంది నాయనమ్మ. తెలియనివాళ్ళ కోసం చెబుతున్నాను, మేడారం జాతరలో బంగారమంటే బెల్లం. మనిషి బరువుకు సరితూగే బెల్లం తల్లులకు సమర్పిస్తారు. హనుమకొండలో బెల్లం దుకాణంలో పెద్ద కాంటా. ఒక పళ్ళెంలో నేను, రెండో పళ్ళెంలో బెల్లం ముద్దలు. బజారంతా చూస్తోంది. 19 కిలోలకే ముల్లు నిలబడింది.

"గింతేనా?" అని నాయనమ్మ మొహం చిన్నబోయింది. "ఇంకో రెండు ముద్దలేయి సేటూ" అంది. జాతరకు వెళ్ళేదాకా, వచ్చాకా, అడిగినవాళ్ళందరికీ మా పిల్ల 21 కిలోలు తూగిందని చెప్పింది. దేవత దగ్గర కూడా నా బరువు రెండు కిలోలు పెంచి చెప్పిన మనిషి ఆవిడ! సెలవులకు వెళితే "ఒళ్ళు చేసినవ్ బిడ్డా" అనేది. అది మెచ్చుకోలు. "సగమైనవ్" అంటే ఆ పూట కోడి కోయాల్సిందే.

పదేళ్ళు తిరిగేసరికి నేను డిగ్రీ అమ్మాయిని. కాజీపేట స్టేషన్లో రంగురంగుల దీపాలు తిరిగే బరువు మిషను ఉండేది. బిళ్ళ వేస్తే దడదడమని చప్పుడు చేసి చిన్న అట్టముక్క పడేసేది. ఒకవైపు బరువు, రెండోవైపు జాతకం. స్నేహితురాళ్ళం అందరం ఎక్కాం. జాతకాలు గట్టిగా చదువుకుని పడీపడీ నవ్వుకున్నాం. రెండోవైపు మాత్రం ఎవరికివాళ్ళం బొటనవేలితో మూసేశాం. నడిబజారులో కాంటా ఎక్కి కూర్చున్న పిల్లనే నేను. ఆ వేలు ఎప్పుడు అడ్డం వచ్చిందో నాకే తెలియదు.

అందుకే మన దేశంలో జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చేసే పద్ధతి నాకు నచ్చింది. వాళ్ళు బరువెంత అని అడిగి రాసుకోరు. మిషనూ ఎత్తు కొలిచే పలకా మోసుకుని ఇంటింటికీ వచ్చి, ఆడవాళ్ళను తూచి, వేలి కొసన రక్తపు చుక్క కూడా తీసుకుంటారు. అంతకుముందే 1972 నుంచి మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ కేంద్రంగా ఇలా పల్లెల్లో తూచే పని మొదలైంది. తూచబట్టే మనకు నిజం తెలిసింది. 2019-21 సర్వేలో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో నూటికి దాదాపు 19 మంది ఉండాల్సినదానికన్నా బక్కగా ఉన్నారు, 24 మంది ఎక్కువ బరువున్నారు. 15 నుంచి 19 ఏళ్ళ అమ్మాయిల్లో నూటికి 59 మందికి రక్తం తక్కువ. ఈ చివరి అంకె ఏ అమ్మాయినీ అద్దంలో చూసి చెప్పలేం. 50 అని రాసుకుని మురిసిపోయే పిల్ల ఒంట్లో రక్తం ఎంతుందో మనం అడగనే అడగం.

ఇదంతా చదివాక నా సంతకం దగ్గరికి తిరిగొచ్చాను. ఆ పత్రానికి రెండు నెలల ముందు మా బంధువుల పెళ్ళిలో ఒక పిన్ని మా అమ్మాయి చెయ్యి పట్టుకుని "పిల్ల ఒళ్ళు చేసిందే" అంది. నాయనమ్మ మాటే. కానీ ఇప్పుడు అర్థం వేరు. నేనేమన్నానో తెలుసా? "ఏం చేయమంటారు పిన్నీ, నోరు కట్టుకోదు" అన్నాను నలుగురిలో, నవ్వుతూ. అది చెయ్యి విడిపించుకుని పక్కకు వెళ్ళిపోయింది. ఆ తరువాత రాత్రుళ్ళు ఆకలి లేదంటే ఎండలు కదా అనుకున్నాను. కాంటాలో వేలు పెట్టింది ఎవరని ఊళ్ళన్నీ వెతికాను గానీ, అందులో నా వేలూ ఉంది.

మొన్న ఆదివారం దాన్ని కూర్చోబెట్టి ఆ పెళ్ళి మాట ఎత్తాను. అలా అని ఉండాల్సింది కాదు అన్నాను. కాసేపు ఏమీ అనలేదు. "ఇప్పుడెందుకమ్మా అదంతా" అంది గానీ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. ఒక్కటే చెప్పాను. డాక్టరు మందు ఇచ్చేచోట మాత్రం ఉన్నది చెప్పు, తెలియకపోతే తూచమను, సొంత లెక్క చెప్పకు అని. మిగతా చోట్ల నీ బరువు నీ ఇష్టం, అడిగే హక్కు ఎవరికీ లేదు, పెళ్ళిళ్ళలో పిన్నులకు అసలే లేదు.

"సరే గానీ, నీదెంతమ్మా?" అంది.

"62" అన్నాను తడుముకోకుండా. అది వెళ్ళి మంచం కింద నుంచి మిషను లాక్కొచ్చి నా ముందు పెట్టింది.

68. చెప్పుల్లేకుండా, ఫోను పక్కన పెట్టి. 1892లో ఆ అమ్మాయి కోరుకున్న బరువు నాకు ఉత్తపుణ్యానికే వచ్చిందన్నమాట. ఇద్దరం నవ్వుకున్నాం. ఆ రాత్రి మూడు చపాతీలు తింది. నేను లెక్కపెట్టాను గానీ పైకి అనలేదు.